రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు

తిరుపతిలో కొర్లగుంటలోనో, బైరాగిపట్టెడలోనో మూడో అంతస్తు గది ఒకటి అనుకుందాం. దాని మీద కాంక్రీటు కప్పు తప్ప ఇంకేమీ లేదు. జనవరిలో ఆ గదిలో ఎడిట్ చేసిన పెళ్ళి వీడియోను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ పెడితే గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో బొమ్మల, వీడియోల పని చూసే భాగం) 68 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండేది. మే నెల మధ్యాహ్నం అదే కార్డు, అదే సాఫ్ట్‌వేర్, అదే రకం వీడియో. కానీ తెర మీద 83 కనిపిస్తుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి, పని మందగిస్తుంది. కార్డు పాడైందేమోనన్న అనుమానమే ఎవరికైనా ముందు వస్తుంది. షాపుకు తీసుకెళితే చిప్పుకూ దాన్ని చల్లబరిచే లోహానికీ మధ్య పూసే పేస్ట్ మార్చాలంటారు, ఒక్కోసారి కార్డే మార్చేయమంటారు. అంతకు ముందు ఒక చిన్న తీసివేత చేసి చూడాలి. జనవరిలో గది 25 డిగ్రీలు. 68లో 25 పోతే 43. మేలో గది 40 డిగ్రీలు. 83లో 40 పోతే మళ్ళీ 43. కార్డులో తేడా ఏమీ రాలేదు. తేడా వచ్చింది గదిలో.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో వేసవి రాగానే కంప్యూటర్ల గురించి వినపడే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ తీసివేతలో దొరుకుతుంది. తెర మీది అంకె ఒక్కటే చూసి భయపడితే అనవసరంగా డబ్బు పోతుంది. ఆ అంకెలోంచి గది వేడిని తీసేశాక మిగిలేదే కార్డు ఆరోగ్యం.

కార్డు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఎన్విడియా సంస్థ మధ్యరకం కార్డు ఆర్‌టీఎక్స్ 3060 నిండు పనిలో 170 వాట్ల దాకా తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం రూపాయి బిళ్ళంత కూడా లేని చిప్పులో పుడుతుంది. అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ పొర దాటి, రాగి పళ్ళెంలోకి, వేడిని మోసే రాగి గొట్టాల్లోకి, వాటికి గుచ్చిన పల్చటి అల్యూమినియం రేకుల్లోకి, ఆఖరికి ఆ రేకుల మధ్య దూరే గాలిలోకి చేరాలి. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ కొన్ని డిగ్రీల సుంకం కట్టాలి. వాట్లు మారకుండా, ఫ్యాను వేగం మారకుండా ఉంటే ఆ సుంకం మొత్తం కూడా దాదాపు మారదు. అందుకే గది 15 డిగ్రీలు పెరిగితే కార్డూ సుమారు 15 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కిన కొద్దీ ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరిగి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించవచ్చు. వేడెక్కిన చిప్పు అదే పనికి కాస్త ఎక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి ఆ లాభంలో కొంత అటే పోతుంది.

ఈ రాగి, అల్యూమినియం అమరికనే హీట్‌సింక్ అంటారు. ఎంత పెద్ద హీట్‌సింక్ అయినా, ఎన్ని ఫ్యాన్లున్నా కార్డును గది గాలి కంటే చల్లబరచలేవు. సీలింగ్ ఫ్యాన్ కింద మనిషికి హాయిగా ఉంటుంది కదా, కంప్యూటర్‌కూ అంతే అనుకోవడం పొరపాటు. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది. కార్డుకు చెమట పట్టదు. పై అంతస్తు గదిలో అయితే సీలింగ్ ఫ్యాన్ కప్పు కింద పేరుకున్న సెగను కిందికి తోసి కంప్యూటర్ పెట్టె, అంటే క్యాబినెట్ ముందుకే తెస్తుంది.

ఇక ఏ అంకె దగ్గర నిజంగా జాగ్రత్త పడాలి? ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060కు గరిష్ఠ పరిమితి 93 డిగ్రీలు, ఆర్‌టీఎక్స్ 4060కు 90. చాలా కార్డులు 83, 84 దగ్గరే గీత గీసుకుని అది దాటకుండా వేగం తగ్గించుకుంటూ వస్తాయి. అంతకు ముందు నుంచే వేడి పెరిగిన కొద్దీ సుమారు 15 మెగాహెర్ట్జ్ చొప్పున ఒక్కో మెట్టు దిగుతుంటాయి. మే మధ్యాహ్నం పని మందగించడానికి కారణం అదే. ఏఎమ్‌డీ అనే ఇంకో సంస్థ కార్డుల లెక్క వేరు. చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు (హాట్‌స్పాట్) 110 డిగ్రీల దాకా పోవడం తమ రూపకల్పనలో భాగమేనని 2019లో ఆర్‌ఎక్స్ 5700 కార్డులు వచ్చినప్పుడే ఆ సంస్థ చెప్పింది. కాబట్టి ఒక స్నేహితుడి ఎన్విడియా 75 చూపిస్తోందని, తన ఏఎమ్‌డీ కార్డు హాట్‌స్పాట్ 95 ఉందని కంగారు పడక్కర్లేదు, కొలిచే చోట్లే వేరు. ఆర్‌టీఎక్స్ 3080, 3090 లాంటి కార్డుల్లో ఉన్న జీడీడీఆర్6ఎక్స్ మెమరీ కూడా 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. చిప్పు 70లో చల్లగా ఉన్నా మెమరీ 106లో ఉడుకుతూ ఉండవచ్చు. 3090లో సగం మెమరీ బోర్డు వెనక వైపు ఉండటంతో ఈ బాధ మరీ ఎక్కువ.

80ల్లో ఉన్న కార్డు ఈ వేసవిలోనే కాలిపోతుందని భయం అక్కర్లేదు, తనను తాను కాపాడుకునే ఏర్పాటు దానిలో ఉంది. నష్టం జరిగేది నెమ్మదిగా. బోర్డు మీద కరెంటును నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. పేస్ట్ ఎండిపోతుంది, ఫ్యాన్ బేరింగుల్లో నూనె ఆరిపోతుంది. ఒకే వేడిలో నిలకడగా ఉండటం కంటే వేడెక్కి చల్లారి మళ్ళీ వేడెక్కడం చిప్పు కింది టంకం చుక్కలను ఎక్కువ పీడిస్తుంది. 2008లో ఎన్విడియా తన పాత తరం ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఇలాంటి లోపానికే 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. చనిపోయిన కార్డును హీట్ గన్‌తో కాల్చి బతికించామని చెప్పే రిపేర్లు చాలావరకు ఇలా విడిన అతుకుల మీద చేసే తాత్కాలిక వైద్యమే. కొన్ని వారాల్లో పాత జబ్బు తిరిగి వస్తుంది. దానికి వందలూ వేలూ పెట్టడం దండగ.

ఈ ఊళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తిరుపతిలో మే నెలలో 40 దాటిన రోజులు మామూలు. తిరుమల కొండ మీద, కింద కల్యాణ మండపాల్లో జరిగే పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిట్ చేసి బతికేవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో. వాళ్ళకు చేతినిండా పని దొరికే రోజుల్లో వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు ముఖ్యమైనవి. అంటే కార్డు మీద భారం బాగా పడే రోజులూ, గది అన్నిటికంటే వేడెక్కే రోజులూ ఒకటవుతాయి. ఆషాఢం వచ్చేసరికి ఎండ తగ్గుతుంది, పనీ తగ్గుతుంది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు రోజంతా కంప్యూటర్‌లో ఆటలాడేదీ ఆ ఎండల్లోనే. కాబట్టి ఇక్కడ కార్డును జనవరి వేడికి చూసుకుని సరిపెట్టుకోకూడదు, మే నెలకు సిద్ధం చేసి పెట్టుకోవాలి.

జబ్బు ఎక్కడుందో తేల్చే పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. ముందు ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెట్టాలి. గోడకు తగిలించినా, ఫోన్‌లో ఊరి ఉష్ణోగ్రత చూసినా లెక్క తప్పుతుంది. తర్వాత కార్డు వేడిని చూపించే సాఫ్ట్‌వేర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ, జీపీయూ-జెడ్ గానీ తెరిచి కార్డును అరగంట పూర్తి పనిలో ఉంచాలి. అంకె స్థిరపడ్డాక రాసుకోవాలి. ఇప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీసి ఇంకో పావుగంట ఆగాలి. అంకె ఏడెనిమిది డిగ్రీలో, అంతకు మించో దిగిందంటే కార్డు బాగానే ఉంది, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. రెండు మూడు డిగ్రీలే దిగిందంటే గాలి సంగతి పర్వాలేదు, కార్డు దగ్గరే చూడాలి. అలా చూసేటప్పుడు చిప్పు మామూలు వేడికీ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా ఉపయోగపడుతుంది. 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. 30కి చేరితే పేస్ట్ ఎండిందనో, హీట్‌సింక్ సమంగా కూర్చోలేదనో అనుకోవచ్చు. ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డుల్లో మాత్రం ఈ హాట్‌స్పాట్ అంకె సాఫ్ట్‌వేర్లకు కనిపించదు.

గాలి ఎటు పోతోందో కంటితో చూడాలంటే అగరుబత్తి చాలు. వెలిగించిన బత్తిని క్యాబినెట్ ముందు భాగానికి దగ్గరగా పట్టుకుంటే పొగ దారం తిన్నగా లోపలికి పోవాలి. వెనక ఫ్యాన్ దగ్గర పట్టుకుంటే బయటికి ఎగిరిపోవాలి. చాలా క్యాబినెట్ల ముందు పొగ ఏమీ జరగనట్టు నిటారుగా పైకి లేస్తుంది. రంగుల లైట్లు, ముందంతా అద్దం, ఆ అద్దం వెనక మూడు ఫ్యాన్లు ఉంటాయి గానీ గాలి దూరే సందు మాత్రం అంచుల్లో వేలెడు కూడా ఉండదు. షోకేసులో చూసి ముచ్చటపడి కొనే క్యాబినెట్లలో ఇలాంటివే ఎక్కువ. ఇంకో చోట బత్తిని వెనక పెడితే పొగ వంక తిరిగి మళ్ళీ ముందుకే వస్తుంది. గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్లలో జరిగేది ఇదే, వదిలిన సెగనే మళ్ళీ పీల్చుకుంటాయి.

ప్లైవుడ్ కంప్యూటర్ టేబుళ్ళ గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. కుడివైపు కింద సీపీయూ కోసం ఒక అర ఉంటుంది. మూడు వైపులా చెక్క, ముందు తలుపు కూడా ఉంటుంది. తక్కువ వాట్లతో నడిచే పాత యంత్రానికి అది సరిపోయేది. 300 వాట్ల యంత్రాన్ని అందులో పెడితే అర లోపలి గాలి గది కంటే పది డిగ్రీలు పైకి పోవడానికి ఎంతో సేపు పట్టదు. గది 40 అయితే కార్డు పీల్చేది 50 డిగ్రీల గాలి. పైన చెప్పిన 43 కలుపుకుంటే 93. ఖరీదైన పేస్ట్, కొత్త ఫ్యాన్లు ఏవీ చేయలేని మేలు క్యాబినెట్‌ను ఆ అరలోంచి బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో ఒక పీట మీద పెడితే జరుగుతుంది.

క్యాబినెట్‌లో ముందు నుంచి చల్లగాలి రావాలి, వెనక, పై వైపు నుంచి వేడిగాలి పోవాలి. ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే మధ్యరకం కార్డుకు చాలు. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉండటం మంచిది. అప్పుడు సందుల్లోంచి దుమ్ము దూరదు, జాలీ ఉన్న చోటు నుంచే గాలి వస్తుంది.

దుమ్ము సంగతికి వస్తే, ఈ నేల ఎర్రమట్టి సన్నగా ఎగిరి అన్నిట్లో దూరుతుంది. ఒక్క మట్టే అయితే బ్రష్ తగిలితే రాలిపోతుంది. ఇళ్ళల్లో దానికి తాలింపు ఆవిరి, సాంబ్రాణి పొగ, అగరుబత్తి జిడ్డు తోడవుతాయి. రెండేళ్ళు తెరవని కార్డు ఫ్యాన్ చట్రాన్ని విప్పి చూస్తే రేకుల పై అంచుల మీద బూడిదరంగు గొంగడి పరిచినట్టుంటుంది. గోటితో అంచు లేపితే ముక్కలుగా కాదు, ఒకే పొరగా ఊడి వస్తుంది. కింద అల్యూమినియం మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది. ఫ్యాన్లు ఎంత తిరిగినా గాలి ఆ గొంగడి దాటి లోపలికి పోలేదు కాబట్టి ఆ మెరుపు అలాగే ఉండిపోయింది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఈ పొర పోదు, ఇంకా లోపలికి దిగి గట్టిపడుతుంది. ఫ్యాన్ చట్రం విప్పి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో లేపి, తర్వాత గాలి కొట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది తన హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది. మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. సంక్రాంతి తర్వాత ఒకసారి, మే నెలలో వచ్చే గంగజాతర లోపు ఒకసారి ఇది చేస్తే వేసవి సగం గడిచినట్టే. గరగరమనే ఫ్యాన్‌లో కుట్టుమిషన్ నూనె చుక్క వేయడం కొన్ని వారాలకు పనికొస్తుంది. ఆలోపు అదే సైజు ఫ్యాన్ తెప్పించుకోవాలి.

ఇక గది. 300 వాట్ల కంప్యూటర్ గదిలో నడుస్తోందంటే ముగ్గురు మనుషులు అదనంగా కూర్చుని ఉన్నట్టే, ఒక్కో మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడి విడుస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో కార్డు తన గదిని తానే వేడి చేసుకుని మళ్ళీ ఆ గాలినే పీలుస్తుంది. వన్ టన్ ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోడగలదు. కంప్యూటర్ వాటా అందులో పదో వంతు కూడా కాదు కాబట్టి ఏసీ ఉన్న గదిలో కార్డు గురించి బెంగ అక్కర్లేదు. కూలర్ సంగతి అలా కాదు. పొడి ఎండలో, కిటికీ తెరిచి పెట్టుకుంటే గది గాలి నాలుగైదు డిగ్రీలు దిగవచ్చు, కార్డూ అంతే దిగుతుంది. కిటికీ మూస్తే తేమ పేరుకుని కూలర్ పనిచేయడం మానేస్తుంది, ఉక్కపోతే మిగులుతుంది. దాన్ని తిన్నగా క్యాబినెట్ వైపు తిప్పి పెట్టడం మాత్రం చేయకూడదు. తుంపర్లతో పాటు బోరునీళ్ళ ఉప్పు వచ్చి దుమ్ముతో కలిసి పెచ్చులుగా అంటుకుంటుంది. మిద్దెకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే పెయింటో వేయించుకుంటే మనిషికీ యంత్రానికీ కలిసొస్తుంది.

ఇవన్నీ వేడిని బయటికి పంపే దారులు. అసలు వేడి పుట్టకుండానే తగ్గించే దారి ఒకటుంది, దానికి ఖర్చు లేదు, అయినా మన దగ్గర దాన్ని వాడేవాళ్ళు తక్కువ. చిప్పు తినే కరెంటు దాని వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.05 వోల్టుల దగ్గర నడిచే చిప్పును అదే వేగంతో 0.90 వోల్టుల దగ్గర నడపగలిగితే, 0.81ని 1.1025తో భాగించినట్టు, చిప్పు పని కోసం ఖర్చయ్యే కరెంటు సుమారు 26 శాతం తగ్గుతుంది. ఏ చిప్పూ తడబడకుండా ఉండాలని కంపెనీ వోల్టేజి విషయంలో కొంత జాగ్రత్త పడుతుంది. చాలా చిప్పులకు అవసరం కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. ఆ ఎక్కువనే మనం వెనక్కి తీసుకోవచ్చు.

సులువైన పద్ధతి పవర్ లిమిట్, అంటే కార్డు తీసుకునే వాట్లకు హద్దు పెట్టడం. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ మీటను 100 నుంచి 78కి జరిపితే 170 వాట్ల కార్డు 132 దగ్గర ఆగుతుంది. వాట్లు తగ్గిన దామాషాలోనే 43 డిగ్రీల సుంకమూ తగ్గి 33కి వస్తుంది. అదే 40 డిగ్రీల గదిలో 83 ఉండాల్సింది 73 అవుతుంది. వేగం ఆ నిష్పత్తిలో పడిపోదు. చివరి కొన్ని శాతాల వేగం కోసమే కార్డు ఎక్కువ కరెంటు ఖర్చు పెడుతుంది కాబట్టి పనిలో తేడా సాధారణంగా కొద్ది శాతమే ఉంటుంది. వేడికి మెట్లు దిగుతున్న కార్డులో ఆ మాత్రం కూడా కనిపించకపోవచ్చు.

ఇంకొంచెం ఓపిక ఉంటే అండర్‌వోల్ట్, అంటే వేగం అలాగే ఉంచి వోల్టేజి తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజికీ వేగానికీ ఉన్న గీత కనిపిస్తుంది. 0.900 వోల్టుల చుక్కను మామూలుగా కార్డు నడిచే వేగానికి పైకి జరిపి, దాని కుడివైపు ఉన్నవన్నీ అదే ఎత్తున సమం చేయాలి. ఆ తర్వాత రెండు మూడు గంటలు నిజమైన పని పెట్టి చూడాలి. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వస్తే, లేదా సాఫ్ట్‌వేర్ మూసుకుపోతే, వోల్టేజి తక్కువైందని అర్థం. 25 మిల్లీవోల్టులు పెంచి మళ్ళీ చూడాలి. ఈ పరీక్ష తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం చేయాలి. చల్లటి గదిలో నిలబడ్డ సెట్టింగ్ వేడిలో తడబడవచ్చు, డెలివరీ ఇవ్వాల్సిన రోజే అది బయటపడితే కష్టం. ఏఎమ్‌డీ కార్డులకు ఇదే పని ఆ సంస్థ సొంత అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. ఆటలకైతే ఇంకో సులువుంది. సెకనుకు 60 బొమ్మలే చూపగల 60 హెర్ట్జ్ మానిటర్ మీద సెకనుకు 140 ఫ్రేములు గీయించడం వృథా, 60కి కట్టేస్తే కార్డు సగం పనితోనే ఊపిరి పీల్చుకుంటుంది.

విప్పి పేస్ట్ మార్చడాన్ని ఆఖరికి ఉంచుకోవాలి. చాలా షాపుల్లో అదే మొదటి మందుగా చెబుతారు. వారంటీ ఉన్న కార్డును విప్పే ముందు షరతులు చదవడం మంచిది. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పెట్టి వదిలేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. గ్రాఫిక్స్ చిప్పు మీద మూత ఉండదు, మూలలతో సహా పల్చగా పూయాలి. అంతకంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది మెమరీకీ హీట్‌సింక్‌కూ మధ్య పెట్టే మెత్తటి థర్మల్ ప్యాడ్ల దగ్గర. ఒక మిల్లీమీటర్ ప్యాడ్ ఉన్న చోట ఒకటిన్నర పెడితే మెమరీ బాగా ఒత్తుకుంటుంది గానీ హీట్‌సింక్ చిప్పు మీది నుంచి వెంట్రుకవాసి లేస్తుంది. రిపేరుకు ముందు 83 ఉన్నది తర్వాత 95 అయిందంటే కారణం చాలాసార్లు ఇదే. పాత ప్యాడ్ నలగని అంచు దగ్గర మందం కొలిచి, అంతే మందం ఉన్నది వేయాలి.

చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్ళి సెకండ్‌హ్యాండ్ కార్డు తెచ్చుకునే అలవాటు చిత్తూరు వాళ్ళకు ఉంది. రెండూ బస్సెక్కితే చేరేంత దగ్గరే. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతి (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) మానేశాక రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు ఎన్నో మార్కెట్‌లోకి వచ్చాయి. చిప్పు బాగానే ఉన్నా వాటి మెమరీ ప్యాడ్లు నూనె కారి గట్టిపడి ఉండవచ్చు, ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. షాపులో ఏసీ గదిలో పది నిమిషాలు నడిపి 70 చూపిస్తే తృప్తిపడకూడదు. అక్కడి గది 24 అయితే సుంకం 46. ఇంటికి తెచ్చి 40 డిగ్రీల గదిలో పెడితే 86. బేరమాడే ముందే ఆ కూడిక వేసుకోవాలి.

పెద్ద ఎక్స్‌పోర్టులకు వేళ ఎంచుకోవడం కూడా ఒక ఉపాయం. రాత్రి 9 గంటలకు వీధిలో గాలి చల్లబడినా పై అంతస్తులో కాంక్రీటు కప్పు పగలు తాగిన ఎండను ఇంకా కక్కుతూనే ఉంటుంది. చేయి పైకెత్తి అరచేతిని కప్పుకు దగ్గరగా పెడితే ఆ సెగ తెలుస్తుంది. అర్ధరాత్రి దాటాక గానీ అది తగ్గదు. గదిలో థర్మామీటర్ అన్నిటికంటే కిందికి దిగేది కొండ మీద సుప్రభాతం మొదలయ్యే వేళ నుంచి సూర్యోదయం దాకా. రెండు గంటలు పట్టే పనిని 3 గంటలకు మొదలయ్యేలా క్యూలో పెట్టి, కిటికీలు తెరిచి పడుకుంటే గది 30 దగ్గర ఉంటుంది, పవర్ లిమిట్ కూడా 78లో ఉంటే కార్డు 63 దగ్గర నడుస్తుంది.